కుబుసము

పల్నాడు రాతినేల. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకును, మాచర్ల నాపరాళ్లకును పేరు పొందినది. ఇండ్ల గోడలకు, అరుగులకు, దొడ్ల ప్రహరీలకు ఆ సీమలో నాపరాయిని విరివిగా వాడుదురు. ఒకదానిపై నొకటి పేర్చిన ఆ రాళ్ల సందులలో గాని, గడ్డివామి అడుగున గాని, మిరపచేని గట్టున గాని అప్పుడప్పుడు పొడవైన తెల్లని పొర యొకటి కనబడును. అది ఉల్లిపొర కంటె కొంచెము గట్టిగా నుండును, గాలికి అల్లలాడును, ఎండినచో చేతిలో గలగలలాడును. దానిని చూచి కొందరు ఉలికిపడి తొలగిపోవుదురు. కొందరు ఇంట నుంచుకొన్న కలిసివచ్చునని పెట్టెలో దాచుకొందురు. అదియే పాము విడిచిన కుబుసము.

కుబుసమనగా రవిక యనియు నర్థము కలదు. సంస్కృతమున కంచుకమను మాటకును ఈ రెండర్థములు కలవు. అందుచేతనే పామునకు కంచుకి యని యొక పేరు వచ్చినది. క్రొత్త బలముతో, ఉత్సాహముతో బయలుదేరిన వానిని గూర్చి "కుబుసము విడిచిన నాగు వలె నున్నాడు" అందురు. పాత చర్మమును వదలిన పాము నిగనిగ మెరయుచు చురుకుగా సంచరించుట చూచి పెద్దలు ఈ పోలికను కల్పించిరి. పోలిక సత్యమైనదే. కాని ఆ మెరుపునకు ముందు పాము ఒకటి రెండు వారములు కష్టకాలమును గడుపును. అప్పుడు దానికి చూపు మందగించును, ఆకలి తగ్గును, శత్రువును ఎదిరించుటకు గాని, తప్పించుకొని పోవుటకు గాని మునుపటి నేర్పు చాలదు. ఆ దినములలో పామునకు కావలసిన దేమి, దానిని పెంచువారు చేయు సేవ యేమి, పొలములందు దానిని చూచినవారు నడచుకొనవలసిన విధ మేమి యని తెలిసికొనుట మేలు.

ముందుగా పాము కుబుసము నేల విడుచునో తెలిసికొనవలెను. చర్మపు పైపొరను రాల్చుకొనుట పామునకు మాత్రమే కల ధర్మము కాదు. మనుష్యుని చర్మము కూడ నిత్యము రాలుచునే యుండును. అయితే అది కంటికి కానరాని చిన్న పొలుసులుగా రాలును గనుక మనము గమనింపము. బల్లి, తొండ తమ చర్మమును ముక్కలు ముక్కలుగా విడుచును. పామైతే సాధారణముగా నొక్కమారే, తల మొదలు తోక వరకు, అంతయు నొకే యొర వలె వదలును.

పాము పొలుసుల పైభాగము కెరటిన్ అను పదార్థముతో నేర్పడినది. మన గోళ్లును, వెండ్రుకలును ఆ జాతి పదార్థముతో నేర్పడినవే. ఈ పైపొరలోని కణములు నిర్జీవములు. అవి శరీరముతో పాటు పెరుగజాలవు. పాము ఎదుగుచుండగా పాతపొర బిగువగును. రాళ్లపైనను ముండ్లలోను ప్రాకుటచే అది అరిగి గీతలు పడును. పేలు, గోమార్లు దాని సందులలో చేరును. అందుచేత ప్రకృతి పాతపొర క్రింద క్రొత్తపొర నొకదానిని ముందుగానే సిద్ధము చేయును. క్రొత్తది పూర్తియైన పిమ్మట పాతది తొలగును. బిడ్డ యెదిగిన కొలది చిన్నవైన చొక్కాలను మార్చినట్లే యిది. గాయపడిన పాములు మామూలు కంటె త్వరత్వరగా కుబుసము విడుచుట కూడ కలదు. పుండు మానుటకు అది సాయపడును.

ఈ మార్పు జరుగు క్రమము చాల వింతయైనది. మొదట పాము రంగు మాసినట్లగును. మచ్చలు, చారలు మసక బారును. కొన్ని పాముల కడుపు గులాబి చాయ దాల్చును. పాతపొరకును క్రొత్తపొరకును మధ్య పలుచని ద్రవ మూరి, రెంటిని విడదీయుటకు తోడ్పడును. ఆ ద్రవమువలననే శరీరము మసకగా కనబడును. తరువాత కన్నులు పాలు కలిపిన నీలిరంగునకు మారును. ఇందునకు కారణము కలదు. పామునకు మన వలె తెరచి మూయు రెప్పలు లేవు. దాని కంటిని అద్దము వంటి యొక పొలుసు ఎల్లవేళల కప్పియుండును. ఈ కంటి పొలుసు కూడ చర్మములోని భాగమే. కుబుసముతో పాటు దాని పైపొరయు మారవలెను. దాని క్రింద ద్రవము చేరినప్పుడు మంచు పట్టిన కిటికీ అద్దము గుండా చూచినట్లు పామునకు లోకమంతయు మసకగా తోచును.

ఈ దశ కొన్ని దినములుండును. ఆ కాలమున పాము చాటున దాగి, ఆహారమును ముట్టక, కదలక పడియుండును. చూపు తెలియని భయముచేత మామూలుగా శాంతముగా నుండు పాము కూడ తాకినవారిపై బుసకొట్టును, కాటు వేయును. అది కోపము కాదు, ఆత్మరక్షణము. పిదప కన్నులు మరల తేటపడును. చూచినవారు కుబుసము విడుచుట ముగిసినదని భ్రమపడుదురు. నిజమునకు పని యింకను మిగిలియే యుండును. మధ్యనున్న ద్రవము ఇంకిపోయినదనుటకు మాత్రమే అది గుర్తు. అటుపిమ్మట మూడు నాలుగు దినములకు పాము తన మూతిని రాతికో, మోడునకో రాయుట మొదలిడును. పెదవుల యొద్ద పాతపొర చిట్లును. పాము గరుకైన చోట్ల గుండా ముందునకు ప్రాకుచుండగా పొర వెనుకకు మడతపడి, కాలి మేజోడును తిరుగవేసి లాగినట్లు, లోపలి వైపు వెలుపలికి వచ్చుచు తోక వరకు ఊడిపోవును. పని సరిగా సాగినచో కొద్దిసేపటిలోనే ముగియును.

విడిచిన కుబుసమును పరీక్షించినచో కన్నులపై నుండిన గుండ్రని అద్దముల వంటి పొలుసులు రెండును, పెదవుల అంచులును, కడుపుపై నున్న వెడల్పైన పట్టెలును, తోక చివరయు స్పష్టముగా కనబడును. రంగులు మాత్రము అంతగా నుండవు. వాటిని కలిగించు కణములలో చాలవరకు లోపలి చర్మమున నిలిచియుండును. కుబుసము పొడవును బట్టి పాము పొడవును లెక్కించుట తప్పు. పొలుసుల నడుమ ముడుచుకొని యుండిన చర్మము ఊడునప్పుడు సాగును గనుక కుబుసము పాము కంటె పొడవుగానే యుండును. ఆరడుగుల కుబుసమును చూచి ఆరడుగుల పాము తిరుగుచున్నదని భయపడనక్కరలేదు.

కుబుసము విడుచు పామునకు చేయవలసిన సేవను శ్రద్ధగా పరిశీలించి నేర్చినవారు విదేశములలో పాములను పెంచువారు. వారు ఎక్కువగా పెంచు వానిలో మొక్కజొన్న పాము ఒకటి. ఇది అమెరికా సంయుక్త రాష్ట్రముల ఆగ్నేయ భాగమునకు చెందినది. స్వీడను దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1766లో దీనికి శాస్త్రనామ మిడెను. నారింజ వన్నెపై ఎర్రని మచ్చలతో నుండు ఈ పాము విషము లేనిది. మొక్కజొన్న నిలువచేయు కొట్లలో ఎలుకల కొరకు తిరుగుటచే దీని కాపేరు వచ్చినదని కొందరును, కడుపుపై నలుపు తెలుపు గళ్లు రంగురంగుల మొక్కజొన్న గింజల వలె నుండుటచే వచ్చినదని కొందరును చెప్పుదురు. మంచి పోషణలో ఇది ఇరువది సంవత్సరములు కూడ బ్రతుకును. పిల్లపాము నెల, నెలన్నరకొకమారు కుబుసము విడుచును. పెరిగిన పాము సంవత్సరమునకు కొన్ని మారులు మాత్రమే విడుచును.

ఈ పామును పెంచువారు దాని కన్నులు నీలిరంగునకు మారుట చూడగానే మూడు పనులను మానుకొందురు. దానిని చేత పట్టుట మానుదురు. ఆహారము పెట్టుట మానుదురు. పెట్టెను మాటిమాటికి తెరచి చూచుట మానుదురు. క్రింద తయారగు క్రొత్తచర్మము అప్పటికి మిక్కిలి మెత్తనిది. చేతి యొత్తిడి తగిలిన అది చెడవచ్చును. మ్రింగిన ఎలుక వలన శరీరము ఉబ్బుట కూడ ఆ సమయమున మంచిది కాదు. పాము తానై ఉపవసించును గనుక బలవంతము చేయుట తెలివిమాలిన పని.

మానవలసినవి ఇవి కాగా, చేయవలసినది ప్రధానముగా నొక్కటే: తేమను సమకూర్చుట. పొరల నడుమ ద్రవము ఊరుటకును, పాతపొర మెత్తగా నుండి తెగక ఊడుటకును శరీరమున నీరు, గాలిలో చెమ్మ కావలెను. మొక్కజొన్న పామునకు మామూలు దినములలో గాలిలో తేమ నూటికి 40 మొదలు 50 పాళ్లున్న చాలును. కుబుసము విడుచు కాలమున దానిని 60 లేక 70 పాళ్లకు పెంచుదురు. ఇందుకై మూత గల చిన్న డబ్బాకు ప్రక్కన పాము దూరునంత రంధ్రము చేసి, లోపల తడిపి పిండిన నాచు నుంచుదురు. పాము తనకు కావలసినప్పుడు అందు దూరి, చాలునన్నప్పుడు వెలుపలికి వచ్చును. వేరొక మూకుడులో శుభ్రమైన నీరుండవలెను. మూతి రాచుకొనుటకు గరుకైన రాయి గాని, చెక్క గాని యుండవలెను. అయితే పెట్టె నంతయు తడిపి, గాలి ఆడకుండ మూయరాదు. అట్లు చేసినచో పొలుసులపై బొబ్బలు లేచి పుండ్లు పడును. తేమయు కావలెను, గాలియు కావలెను.

కుబుసము వెలువడిన తరువాత నేర్పు గల పెంపకందారు దానిని పారవేయడు. ముందుగా కన్నుల పొలుసులు రెండును వచ్చినవా, తోక చివర వచ్చినదా యని చూచును. ఏలయన, తోకపై చిక్కుకొన్న పాతపొర యెండి ఉంగరము వలె బిగిసి రక్తప్రసారమును నిలుపును. దానితో తోక కొన నల్లబడి రాలిపోవచ్చును. కంటిపై పాతపొలుసు నిలిచిపోయినచో చూపు చెడవచ్చును. గాలి పొడిగా నుండుట, త్రాగుటకు నీరు చాలకుండుట, ఆహారలోపము, పేలు పట్టుట, పాత గాయముల మచ్చలు – ఇవి కుబుసము ముక్కలై చిక్కుకొనుటకు ముఖ్య కారణములు.

అట్టి చిక్కు వచ్చినప్పుడు కూడ తొందరపాటు పనికిరాదు. పాము వీపు మునుగకుండ, కడుపు మాత్రము తడియునంత గోరువెచ్చని నీటిలో దానిని అరగంట సేపుంచి, దగ్గరనే కనిపెట్టుకొని యుండవలెను. తరువాత తడిగుడ్డ మడతల నడుమ నుండి దానిని తానుగా ప్రాకనిచ్చినచో మెత్తబడిన పొర గుడ్డకు అంటుకొని వచ్చును. గోటితో గిల్లి లాగుట ప్రమాదము. పాతపొరతో పాటు పక్వము కాని క్రొత్తచర్మము కూడ చిరుగును. కంటి పొలుసును ఏ పరిస్థితిలోను పట్టుకారుతో పెరుకరాదు. తేమను పెంచి వచ్చెడి కుబుసము వరకు వేచియుండుటయో, పశువైద్యునకు చూపుటయో మాత్రమే సరియైన మార్గము.

పెంపకందారు డబ్బాతోను, నాచుతోను కల్పించు ఈ సౌకర్యమును పల్నాటి పొలములలో ప్రకృతి వేరొక విధమున సమకూర్చినది. ఆ సీమలో వేసవి ఎండలు తీవ్రములు. రెంటచింతల ఎండలకు తెలుగునాట నంతట పేరుమోసినది. ఎండ 45 డిగ్రీల సెంటీగ్రేడునకు చేరు దినములలో రాతినేలపై గాలి నిప్పులు చెరుగును. అట్టి నేలపై పాము కుబుసమును ఎట్లు విడువగలుగును? అందుకు సమాధానము పుట్టలో కలదు. పుట్టను చెదపురుగులు కట్టును. చెదపురుగు శరీరము మెత్తనిది. పొడిగాలికి అది బ్రతుకజాలదు. కావున అది లోపలినుండి తడిమన్ను తెచ్చి, మందమైన గోడలు కట్టి, లోపలి గదులను చల్లగా, చెమ్మగా నుంచుకొనును. పాత పుట్టలలో పాము చేరి ఆ చల్లదనము ననుభవించును. పొలముగట్టున ఎలుక త్రవ్విన కలుగు, నీటికాలువ ప్రక్కనున్న రాళ్లగుట్ట, గడ్డివామి అడుగు – ఇవియు అట్టి చాటులే. పెంపకందారు పెట్టెలోని తడినాచు డబ్బా ఏ పని చేయునో, పల్నాటి పుట్ట ఆ పనియే చేయుచున్నది.

పల్నాడు జిల్లా 2022లో నరసరావుపేట ముఖ్యపట్టణముగా నేర్పడినది. నాగార్జునసాగరపు కుడికాలువ నీటితో అందు చాలభాగము సాగగుచున్నది. 1967లో కాలువలకు నీరు వదలినది మొదలు వరి, పత్తి, మిరప పైరులు పెరిగినవి. గింజ యున్న చోట ఎలుక యుండును. ఎలుక యున్న చోటికి పాము వచ్చును. పొలములలో తరచుగా కనబడు జెర్రిపోతు మొక్కజొన్న పాము కుటుంబమునకు చెందినదే. దానికి విషము లేదు. ఆరేడు అడుగుల పొడవు పెరిగి, పగటివేళ వేగముగా తిరుగును. ఎలుకలను, కప్పలను తినును. ఎలుక దూరిన కలుగులోనికే దూరి పట్టగల సేవకుడు రైతునకు వేరొకడు లేడు. అయినను దానిని నాగుపామని భ్రమించి కొట్టి చంపుచుందురు. జెర్రిపోతు పడగ విప్పదు. దాని కన్నులు పెద్దవి; పెదవుల పొలుసుల అంచులందు నల్లని గీతలుండును. అది తోకతో కొట్టి చంపుననియు, ఆవు పొదుగునుండి పాలు త్రాగుననియు చెప్పు మాటలు కేవలము కల్పనలు.

పాము పాలు త్రాగునను నమ్మకమునకును కుబుసమునకును సంబంధము కలదు. కార్తిక శుద్ధ చవితినాడు తెలుగువారు నాగులచవితి జరుపుకొందురు. పుట్టలో పాలు పోయుట భక్తికి గుర్తు. కాని పాలు పాము ఆహారము కాదు. దాని కడుపున అవి అరుగవు. పూర్వము పాములవాండ్రు బుట్టలలో నీరు లేక బంధించి తెచ్చిన పాములు దప్పిచే అలమటించి, ముందు పెట్టిన దేదైనను త్రాగెడివి. చూచినవారు పాము పాలు త్రాగెనని సంతోషించెడివారు. నిజమునకు దానికి కావలసినది నీరు. పొడి బుట్టలో దప్పితో నున్న పాము కుబుసమును సరిగా విడువలేదు. పాతపొరలు ఒకదానిపై నొకటి చిక్కుకొని యుండును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట మన దేశపు పాములను పట్టుట, చంపుట, ఇండ్లలో పెంచుట నేరమైనది. కావున ముద్దుగా నున్నదని జెర్రిపోతు పిల్లను తెచ్చి డబ్బాలో పెంచుట విద్యార్థి చేయదగిన పని కాదు. దానిని దాని చోట నుండనిచ్చుటయే దానికి చేయగల సేవ.

పామును కొంతకాలము బంధించి, హాని చేయక మరల విడిచిపెట్టు పద్ధతి యొకటి తమిళదేశమున కలదు. అచ్చటి ఇరులరు తరతరములుగా పాములు పట్టుటయందు నేర్పరులు. ఒకప్పుడు వారు చర్మముల వ్యాపారమునకై పాములను పట్టెడివారు. చట్టము వచ్చి ఆ వ్యాపారము నిలిచిన పిమ్మట వారి బ్రతుకుతెరువు పోయినది. 1978లో వారు మదరాసు సమీపమున ఒక సహకార సంఘమును స్థాపించుకొని, పాములను చంపుటకు మారుగా వాని విషమును తీసి అమ్ముట ప్రారంభించిరి. పట్టిన పామును మట్టికుండలో నుంచి, మూతికి గుడ్డ కట్టుదురు. మట్టికుండ చల్లదనమును నిలుపునని వేసవిలో నీళ్లు త్రాగు ప్రతి యింటివారికి తెలియును. గుడ్డగుండా గాలి ఆడును. కొన్ని వారములలో కొన్నిమారులు విషము తీసి, తరువాత పామును అడవిలో విడుతురు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి – ఈ నాలుగింటి విషముతోనే మన దేశమున పాముకాటునకు విరుగుడు మందు తయారగుచున్నది. ఒకనాడు పాము చర్మమునకు వెల కట్టిన చేతులే నేడు మనుష్యుల ప్రాణములు నిలుపు మందునకు మూలమగుచున్నవి.

ఆ మందు అవసరము స్వల్పమైనది కాదు. 2000 మొదలు 2019 వరకు భారతదేశమున పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించిరని 2020లో ప్రకటింపబడిన శాస్త్రజ్ఞుల అంచనా తెలుపుచున్నది. అనగా సగటున ఏటికి 58,000 మంది. మరణములు ఎక్కువగా జరుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చనిపోవువారిలో పెక్కుమంది పల్లెలలో పొలము పనులు చేయువారే. ఈ కారణముచేత కుబుసమును గూర్చిన జ్ఞానము వినోదము కొరకు మాత్రమే కాదు.

ఇంటి గోడసందున గాని, పశువులపాక యందు గాని కుబుసము కనబడినచో, అచ్చట పాము తిరిగినదని తెలియును. అది ఇప్పుడును అచ్చటనే యున్నదని చెప్పుటకు వీలులేదు. కాని దానికి కావలసిన చాటు, చెమ్మ, ఎలుకలు అచ్చట కలవని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును. పొలుసులను బట్టి జాతిని కొంతవరకు గుర్తింపవచ్చును. తలభాగమున చిన్నచిన్న పొలుసులు నిండియున్నచో అది పింజరి జాతిది కావచ్చును. వెన్ను నడుమ వరుస పొలుసులు మిగిలినవాని కంటె పెద్దవై ఆరు మూలలతో నున్నచో కట్లపాముది కావచ్చును. తలపై పెద్ద పలకలు మాత్రమే కనబడినచో జెర్రిపోతుదియు కావచ్చును, నాగుపాముదియు కావచ్చును. కావున కుబుసమును చూచి ఇది విషము లేనిదని ధైర్యము చేయుట తగదు. దానిని ముట్టిన పిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. గోడ సందులను పూడ్చి, కట్టెల మోపులను ఇంటికి దూరముగా నుంచి, ధాన్యపు కొట్టులో ఎలుకలు చేరకుండ చూచుకొని, రాత్రివేళ దీపము లేక దొడ్డిలోనికి పోకుండుట మేలు. నేలపై పడుకొనువారు దోమతెరను పరుపు క్రిందికి బాగుగా దోపుకొనవలెను.

నీలికన్నులతో మగతగా పడియున్న పాము కంటబడినచో దానిని కఱ్ఱతో కదపరాదు. అది పారిపోలేదు గనుక చచ్చినదని గాని, జబ్బుపడినదని గాని తలచి చేయి పెట్టుట మరింత ప్రమాదము. చూపు లేని పాము ప్రతి స్పర్శను శత్రువనియే భావించును. పొలములో నైనచో ప్రక్కకు తొలగి పోవలెను. ఇంటిలో నైనచో పిల్లలను దూరముగా నుంచి, దానిని కనిపెట్టుచు అటవీశాఖ వారికి కబురు పంపవలెను. ఒకవేళ కాటు పడినచో గాయమును కోయుట, నోటితో పీల్చుట, త్రాడుతో బిగించి కట్టుట, మంత్రములకై కాలము వృథా చేయుట – ఇవన్నియు హానికరములు. కాటు తగిలిన కాలు గాని, చేయి గాని కదలకుండ నుంచి, 108 వాహనమును పిలిచి, వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. విరుగుడు మందొక్కటే ప్రాణమును నిలుపును.

కారెంపూడి ప్రక్కన పారు యేటికి నాగులేరని పేరు. పల్నాటి వీరుల యుద్ధము దాని తీరముననే జరిగినదని ప్రసిద్ధి. పాము పేరు పెట్టుకొన్న ఏరు పారు నాట పామును చూడగానే భయముతో కఱ్ఱ యెత్తువారును కలరు, భక్తితో పాలు పోయువారును కలరు. కుబుసము విడుచు దినములలో పామునకు ఈ రెంటితోను పని లేదు. దానికి కావలసినవి చల్లని చాటు, కొంచెము చెమ్మ, త్రాగుటకు నీరు, మూతి రాచుకొనుటకు ఒక గరుకు రాయి. అన్నిటి కంటె ముఖ్యముగా ఎవరును తాకని నాలుగు దినములు. ఆ మాత్రము దొరికినచో అది తన పాత పొరను తానే వదలుకొని, మరల కంటిచూపును, బలమును పొంది, ఎలుకల కలుగులను వెదకుకొనుచు పొలములోనికి పోవును. సేవ యనగా ఎల్లప్పుడు ఏదో యొకటి చేయుట మాత్రమే కాదు. చేయరాని వేళ చేయి వెనుకకు తీసికొనుటయు సేవయే.